నునుపు చేసిన పదకొండు అచ్చులు

పోయిన వారం కండక్టరమ్మను నడక నేర్పే రెండు కడ్డీల మధ్య నిలబెట్టి వదిలేశాను. అక్కడి నుంచే అందుకుంటాను.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు. పెద్దాసుపత్రి వెనక రేకుల షెడ్డులో మేం కాళ్ళు చేస్తాం. నేను అచ్చుల మేస్త్రిని. మోకాలి కింద తెగిన కాలికి తడి పట్టీ చుట్టి, అది ఆరాక ఊడదీసి, అందులో ప్లాస్టరు పోసి, కాలు ఎలా ఉందో అలా అచ్చు దించుతాను. ఆ అచ్చు మీద ప్లాస్టిక్ తొడుగు తయారవుతుంది. ఆ తొడుగులో మనిషి నిలబడతాడు. ఈ వేసవిలో మా ప్రాణానికి పదకొండు మంది హైస్కూలు పిల్లలు తగులుకున్నారు. వేసవి సేవట. తలకు వంద గంటలు. గంటలకు సాక్షి సంతకం నాది. ఇక కండక్టరమ్మకు శుక్రవారం పదింటికి డిపోలో పరీక్ష. బస్సు మెట్లు మూడుసార్లు ఎక్కి దిగాలి, కదులుతున్న బస్సులో ఈ కొస నుంచి ఆ కొసకు నడవాలి. నడిస్తే ఉద్యోగం, లేకపోతే ఇల్లు. కొత్త తొడుగు తొడుక్కుని ఆమె మొదటి అడుగు వేసింది బుధవారం పొద్దున.

బరువు పెట్టిన మరుక్షణం మొహంలో నెత్తురు చుక్క లేదు. అరవలేదు మాత్రం. పద్దెనిమిదేళ్ళు రద్దీ బస్సుల్లో కాళ్ళు తొక్కించుకున్న మనిషి, అంత తేలిగ్గా అరవదు.

“అన్నా, లోపల మేకు ఉండిపోయిందా?” అంది.

మేకు లేదు. తొడుగు ఊడదీసి చూస్తే తెగిన ఎముక కొస దగ్గర చర్మం ఎర్రగా కమిలి, రూపాయి బిళ్ళంత బొబ్బ లేస్తోంది. అరగంటలో కాలంతా వాచింది. నేను తొడుగు లోపలికి చెయ్యి పెట్టి తడిమాను. నున్నగా ఉంది. కొత్త గిన్నె లోపల ఎలా ఉంటుందో అలా ఉంది.

నునుపంటే అందమనుకునేవాళ్ళకు ఈ పని ఎలా ఉంటుందో ఒక మాట చెప్పాలి. తొడుగులో బరువు మోయాల్సింది కండ, ఎముక కాదు. ఎముక పైకి పొడుచుకొచ్చిన చోటల్లా నేను అచ్చు మీద చిన్న ప్లాస్టరు గడ్డ పెడతాను. అచ్చు మీద గడ్డ ఉంటే తొడుగులో గుంట పడుతుంది. ఆ గుంటలో ఎముక ఎవరి జోలికీ పోకుండా కూర్చుంటుంది. ఎక్కడ పెట్టాలో, ఎంత ఎత్తు పెట్టాలో చూపుడువేలితో కాలు తడిమి తెలుసుకోవాలి. కండక్టరమ్మ కాలి ఎముక కొస చిలక ముక్కులా పక్కకు తిరిగి ఉంది. దానికోసం అరగంట తడిమాను. ఆ గడ్డల మీద నాకెంత గర్వమంటే, అచ్చు మీద ప్లాస్టిక్ లాగి తొడుగు చేసే రోజు దాన్ని ఒక్కసారి తడిమి కూడా చూసుకోలేదు. అప్పటికే ఎవరో దానికి, ప్లాస్టిక్ అంటుకోకుండా వేసే మేజోడు తొడిగి పెట్టారు, కుట్టు వెనక్కి వచ్చేలా, ముడత లేకుండా. ఎవరో పనిమంతులే అనుకుని, పైన వేడి ప్లాస్టిక్ పరిచేశాను.

లోపలి గదిలో అరమర దగ్గరికి వెళ్ళాను. పదకొండు అచ్చులు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కదాని మీదా ఒక్క గడ్డ లేదు. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, బొమ్మల కొట్లో పెట్టినట్టు మెరిపించారు. ఒక్కోదానికీ రంగు పెన్నుతో రాసిన చీటీ, చీటీ మూల చిన్న పువ్వు.

తోలు బెల్టులు కుట్టే మామ నా వెనకే వచ్చి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “అల్లుడూ, పుట్టించినవాడు కూడా ఇంత నున్నగా పుట్టించలేదు,” అన్నాడు.

పది అచ్చుల మాట సరే, వాటికింకా తొడుగులు లాగలేదు, ఆ మనుషుల్ని మళ్ళీ పిలిచి పట్టీ చుట్టొచ్చు. కండక్టరమ్మకు చుట్టడానికి లేదు. వాచిన కాలికి పట్టీ చుడితే వాచిన కాలే వస్తుంది. తడిగుడ్డ వేసి ఉంచితే శుక్రవారానికి తొడుగు పట్టేంత దిగుతుందేమో గానీ, వాపు పూర్తిగా దిగడానికి నాలుగు రోజులు. పరీక్షకు రెండు రోజులు. వాపు కింద ఎముక వేలికి దొరకడం లేదు. మూడు వారాల కిందట నేను పెట్టిన గడ్డల ఎత్తు ఎక్కడన్నా రాసుకున్నానా అంటే, నేను రాసుకోను. మేస్త్రి అన్నవాడు చేత్తో గుర్తుపెట్టుకుంటాడు అని నలుగురిలో చెప్పుకు తిరిగేవాణ్ణి. ఆ తర్వాత ఈ చేతులు ఇంకో ముప్ఫై కాళ్ళు తడిమాయి.

ఈ సేవ అనే జబ్బు గురించి నాకు ముందు నుంచీ ఒక అభిప్రాయం ఉంది. నా ఏడో తరగతి మధ్యలో నాన్న నన్ను బడి నుంచి లాక్కొచ్చి ప్లాస్టరు బక్కెట్టు చేతికిచ్చాడు. దాన్ని ఎవడూ వేసవి వికాసం అనలేదు. ఇప్పటి పిల్లలకు సెలవులు ఇస్తే సెలవుల్ని కూడా నింపాలి. పొద్దున రోబోలు, మధ్యాహ్నం నాయకత్వం, సాయంత్రం జాలి. మా వీధి చివర బడి గోడకు ఏటా ఒక బ్యాచి వచ్చి రంగు వేస్తుంది. నాలుగు పూతలు పడ్డాయి, కిటికీలు మూసుకోవడం లేదు. కిందటేడు చెట్టు నాటిన గోతిలోనే ఈ ఏడూ నాటారు, గొయ్యి రెడీగా ఉంది కదా అని. వృద్ధాశ్రమంలో ఒక ముసలమ్మకు ఒకే రోజు మూడు స్కూళ్ళ పిల్లలు తల దువ్వారట. నాలుగో స్కూలు వ్యాను చప్పుడు వినగానే మంచం కిందకు దూరిందట పాపం. వీళ్ళకు బాగుపడేవాడు అక్కర్లేదు, ఫోటోలో పక్కన నిలబడేవాడు కావాలి.

మా ఆవిడ అంటూ ఉంటుంది, నీకు చదువుకున్నవాళ్ళంటే కోపం కాదు, చదువుకోబోయేవాళ్ళంటే కోపం అని. ఆవిడ మాటలన్నిటికీ జవాబు చెప్పక్కర్లేదు.

మా పదకొండు మందిలో పది మంది ఎలాంటివాళ్ళో పాత వారాల్లోనే రాశాను. ఫ్యాను ఎటు తిరిగితే అటు తిరిగేవాళ్ళు. కొయ్యపాదం భుజాన పెట్టుకుని ఫోటోలు దిగేవాళ్ళు. పదకొండో పిల్లను మేం ఫస్టు ర్యాంకు అని పిలుస్తాం. ఆ పిల్లే పని చేసేది. చేతి పని తెలియని మనిషి ఒళ్ళు దాచుకోకుండా పని చేస్తే ఏమవుతుందో చెప్పడానికి అరమర చాలు.

అందర్నీ వరండాలోకి పిలిచి ఎవరు రుద్దారని అడిగాను. పది తలలు నేలకేసి చూశాయి. ఫస్టు ర్యాంకు ముందుకొచ్చింది.

“నేనే అంకుల్. బాగా వచ్చాయా?”

ఆ తర్వాత నేనేమన్నానో అంతా ఇక్కడ రాయను. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నాను. నీ వంద గంటలకు ఒక మనిషి కాలు బలైందన్నాను. నీలాంటి వాళ్ళకు కుంటివాళ్ళు కనబడరు, మార్కులు కనబడతాయన్నాను. ఆ పిల్ల ఏడవకుండా నిలబడి విని, పక్కకు వెళ్ళి వాళ్ళమ్మకు ఫోను చేసి ఏడ్చింది.

గంటలో తల్లి దిగింది. ఆవిడ ఆ స్కూలు తల్లిదండ్రుల సంఘానికి కార్యదర్శి. ఈ పిల్లల్ని మా నెత్తిన పెట్టించింది ఆవిడే. లేత రంగు చీర, చేతిలో దళసరి ఫైలు, మోచేతికి తోలు సంచి. ప్లాస్టరు దుమ్ము అంటకుండా ఎక్కడ అడుగు వేయాలో చూసుకుంటూ నా బల్ల దాకా వచ్చింది. కూర్చోమన్నాను. స్టూలు చూసి, నిలబడే మాట్లాడతానంది.

జరిగిందానికి విచారమంది. ఎవరికి విచారమో చెప్పలేదు. తర్వాత అసలు సంగతి. యూనివర్సిటీ వాళ్ళు వచ్చే వేసవిలో ఆరు వారాలు లేబులో పిల్లలకు పాఠాలు చెబుతారట. అరవై సీట్లకు ఏడు వేల దరఖాస్తులట. సేవ చేసిన గంటలు, ఆ సేవ మీద రిపోర్టు, రెండూ ఆ సాయంత్రం ఐదింటికల్లా అందాలట. “మీకు తెలియదు మేస్త్రిగారూ, మా అమ్మాయి నాలుగేళ్ళుగా ఒక్క సెలవు చూడలేదు,” అంది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ గొంతు నిజంగానే బొంగురుపోయింది. నాకు జాలి వెయ్యలేదు. సెలవు ఇవ్వనిది ఎవరో నాకు ఎదురుగా కనబడుతోంది.

ఫైలులోంచి ఒక కొత్త కాగితం తీసి బల్ల మీద పెట్టింది. గంటల పట్టీ, మొదటి రోజు నుంచి మళ్ళీ రాసి తెచ్చింది. తొమ్మిదో రోజు ఎదురుగా ‘షెడ్డు శుభ్రత’ అని ఉంది. దాని మీద నేను వరసగా సంతకాలు చేసి ఇవ్వాలి. అచ్చుల మాట ఎక్కడా ఉండకూడదు. తొడుగు సరిగా కుదరకపోవడం మీ పనిలో మామూలేగా అంది.

నేను నవ్వాను. అబద్ధాల కాగితం మీద సంతకం పెట్టే అలవాటు మా ఇంటా వంటా లేదన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఫైలు అడుగు నుంచి పాత గంటల పట్టీ తీసి, కొత్తదాని పక్కన పెట్టి, తొమ్మిదో రోజు మీద వేలు ఆనించింది. “ఇది చదవండి.”

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. గుండ్రటి అక్షరాలు. ‘అచ్చుల మీద మిగిలిపోయిన గడ్డలు పదకొండిటికీ రుద్ది నునుపు చేశాను. నాలుగు గంటలు.’ పక్కనే నా సంతకం. అప్పటికి ఒక్క తొడుగూ లాగలేదు. ఆ రోజు సంతకం పెట్టేటప్పుడు ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే, లోపలికి వెళ్ళి చూసి ఉంటే, కండక్టరమ్మకు అప్పుడే మళ్ళీ పట్టీ చుట్టేవాణ్ణి. కాలు వాచేది కాదు.

“మీరు చదివి పెట్టారా, చదవకుండా పెట్టారా?” అంది కార్యదర్శమ్మ. “చదివి పెడితే మీరు ఒప్పుకున్న పని. చదవకుండా పెడితే పదకొండు మంది పిల్లల గంటలన్నీ మీరు కళ్ళు మూసుకుని రాసిచ్చినవే. ఆసుపత్రి డైరెక్టరుగారికి ఏది చెప్పమంటారో మీరే చెప్పండి.”

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చదవలేక కాదు. ఏడో తరగతి దాకా చదివిన చదువు దానికి సరిపోతుంది. సాయంత్రం ఐదయ్యేసరికి పదకొండు కాగితాలు నా ముందు పెట్టేవాళ్ళు. వీళ్ళు ఏం రాస్తే ఏంటి, అంతా బూటకమే కదా అని, ఒక్క అక్షరం చూడకుండా బరబరా గీకిపారేసేవాణ్ణి. అలా చూడకుండా గీకడం నాకు గొప్పగా కూడా ఉండేది.

ఫస్టు ర్యాంకు తలుపు దగ్గర నిలబడి ఉంది. నాతో కాదు, నేలతో చెప్పినట్టు చెప్పింది. “ముందు రోజు అడిగాను అంకుల్, ఈ గడ్డలు ఎందుకు అని. నీకెందుకమ్మా, నీ గంటలు నువ్వు నింపుకో అన్నారు.”

అన్నాను. గుర్తుంది. పక్కన మామ నవ్వాడని కూడా గుర్తుంది. మామ ఇప్పుడు సూదికి దారం ఎక్కిస్తున్నాడు, అప్పటికే దారం ఉన్న సూదికి.

రెండు కాగితాలూ నా ముందున్నాయి. కొత్తదాని మీద సంతకం పెడితే పిల్లకు సీటు, నాకు ఉద్యోగం. ఎవరికీ ఏమీ కాదు, శుక్రవారం ఒక ఆడమనిషి బస్సు మెట్ల మీద కూలబడడం తప్ప. పెన్ను మూత తీశాను కూడా. ఈ మాట దాచను.

అప్పుడు పట్టీలు చుట్టే గది కర్ర తలుపు తోసుకుని కండక్టరమ్మ వచ్చింది. చంకల కింద కర్రలు, వాచిన కాలికి తడిగుడ్డ. మధ్యలో ఉన్నది సన్నటి చెక్క పలకల గోడ, అంతా వినే ఉంటుంది. కర్రలు గోడకు ఆనించి, కార్యదర్శమ్మ వద్దన్న స్టూలు మీద కూర్చుంది. నేను పెన్ను పక్కన పెట్టి, చెల్లమ్మా, తప్పు ఆ పిల్లది సగమే, సంతకం నాది, చదవలేదు అని చెప్పాను.

ఆమె నా వేళ్ళ వంక చూసింది.

“పద్దెనిమిదేళ్ళలో చూడకుండా ఒక్క పాసు వదల్లేదన్నా నేను,” అంది. “సరే. శుక్రవారం సంగతి చెప్పు.”

కాలు వాచిపోయింది, అచ్చు నునుపైపోయింది, గడ్డల ఎత్తు ఎక్కడా లేదు అని అదే పాట పాడబోయాను.

“ఎత్తు ఉంది అంకుల్,” అంది ఫస్టు ర్యాంకు.

ఎక్కడుందన్నాను.

“నేను కొలిచాను. రుద్దకముందు ఒకసారి, రుద్దాక ఒకసారి. స్కూల్ లేబు నుంచి మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ తెచ్చుకున్నాను. ప్రతి అచ్చుకూ మూడు చోట్ల. రిపోర్టులో పట్టిక ఉండాలి కదా, పట్టికకు పది మార్కులు. గ్రాఫు కూడా గీశాను, ఎంత తీసేశానో తెలియడానికి.”

మామ సూది వదిలేసి పగలబడి నవ్వాడు. నాకూ నవ్వు రావలసిందే. మనిషి కాలిని మిల్లీమీటర్ల లెక్కన చెడగొట్టి, చెడగొట్టినంతా గీతల కాగితం మీద రంగులేసి పెట్టుకున్న పిల్ల. లోకంలో ఇంతకన్నా పనికిమాలిన సేవ ఉంటుందా. కానీ ఆ షెడ్డులో కండక్టరమ్మ కాలి కొలత తెలిసింది ఆ పనికిమాలిన పట్టికకే. నా ముప్ఫై ఏళ్ళ చేతులకు తెలియదు.

పిల్ల గబగబా వచ్చి ఫైలు తెరిచింది. పదమూడో పేజీ. పద్నాలుగో పేజీ. ఆ తర్వాత పదహారు. మళ్ళీ వెనక్కి తిప్పింది. మళ్ళీ పద్నాలుగు, పదహారు. తలెత్తి తల్లి వంక చూసింది.

“ఏ పేజీ తల్లీ?” అంది కార్యదర్శమ్మ, కిటికీలోంచి బయటకు చూస్తూ.

“పొద్దున ఉందమ్మా.”

“అనవసరమైనవి తీసేశాను. ఫైలు బరువైంది.” ఆవిడ చెయ్యి తోలు సంచి నోటి మీదకు వచ్చి అక్కడే ఆగింది.

నేను అడిగాను. మర్యాదగానే అడిగాను. కాగితం మీ దగ్గరే ఉంచుకోండి, మూడు అంకెలు చదివి వినిపించండి చాలన్నాను. ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. ఐదింటికి ఫైలు వెళ్ళాలి, రా తల్లీ అంటోంది. పిల్ల కదల్లేదు. పెదాలు కదుపుతూ, కళ్ళు మూసుకుని ఏదో వెతుక్కుంటోంది.

“ఆ పట్టిక మూడుసార్లు తిరగరాశాను అంకుల్. కండక్టరాంటీది ఆరో వరస. చెప్పగలను.”

నేను కండక్టరమ్మ వంక చూశాను. ఇంతకుముందు కాలు చెడగొట్టిన పిల్ల జ్ఞాపకం మీద మళ్ళీ అదే కాలు కట్టడం. ఎత్తు తక్కువైతే ఎముక నలుగుతుంది. ఎక్కువైతే తొడుగు వదులై, కదిలే బస్సులో మనిషి బోర్లా పడుతుంది. ఆమె తడిగుడ్డ సర్దుకుంది.

“చెప్పనీ అన్నా. నిలబడేది నేను కదా.”

అచ్చు తెచ్చి బల్లకు బిగించాను. గిన్నెలో ప్లాస్టరు కలిపాను. మామ ఆకురాయి, కొలబద్ద తెచ్చి పక్కన పెట్టాడు, ఎవరూ చెప్పకుండానే. మోకాలి పక్కన బయటి ఎముక గుబ్బ ఎంత అన్నాను. ఆరు అంది పిల్ల, తడుముకోకుండా. పెట్టాను. కాలి ముందు ఎముక అంచు? నాలుగు. పెట్టాను. రెండూ నా వేలికి సరిగ్గానే తోచాయి, పాత స్నేహితుణ్ణి చీకట్లో తడిమినట్టు. ఇక మిగిలింది చిలక ముక్కు. బొబ్బ లేచిన చోటు. ఆ ముద్ద అరచేతిలోకి తీసుకుని, ఊఁ అన్నాను.

పిల్ల నోరు తెరిచి ఆగిపోయింది.

“ఐదు,” అంది. “కాదు. తొమ్మిది. ఐదు ఏడో వరసది... ఏమో అంకుల్, రెండూ పక్కపక్కనే ఉన్నాయి.”

ప్లాస్టరు బిగుసుకునే ముందు వెచ్చబడుతుంది. నా అరచేయి వెచ్చబడడం మొదలైంది. పోతే పోయింది, మళ్ళీ కలుపుకోవచ్చు. కానీ ఇంకొక్కసారి గట్టిగా అడిగితే పిల్ల భయపడి ఏదో ఒకటి చెప్పేస్తుంది, అదే నిజమని తనూ నమ్మేస్తుంది. నేను నోరు మెదపలేదు.

కండక్టరమ్మ లేచింది. కర్రలు లేకుండా, ఒక చెయ్యి బల్లకు ఆనించి, రెండో చెయ్యి కార్యదర్శమ్మ ముందు చాపింది. బస్సులో ఎలా చాపుతుందో అలాగే, కోపం లేకుండా, తొందర లేకుండా.

“ఒకసారి చూపించండమ్మా.”

కార్యదర్శమ్మ తన ముందుకొచ్చిన ఆ చేతి వంక చూసింది. కూతురి వంక చూసింది. పిల్ల కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి, ఐదు, తొమ్మిది అని లోలోపల అప్పజెప్పుకుంటోంది. తల్లి సంచి గుండీ ఊడదీసింది. లోపలికి చెయ్యి పెట్టి చాలాసేపు తడిమింది. పైకి తీసింది కాగితం కాదు.

ఫోను.

“డైరెక్టరుగారా?” అంది, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ. “మీరు వెంటనే అచ్చుల షెడ్డుకు రావాలి.”

నా అరచేతిలో ముద్ద రాయైపోయింది. మిగతాది వచ్చే వారం.